గాలిచొక్కా

ఆగస్టు నెలలో ఒక మధ్యాహ్నం, జర్మనీలో వాసర్‌కుప్పె కొండమీద, గ్లైడర్ల పందేలు చూడ్డానికొచ్చిన జనం మధ్య నిలబడి, సౌదామిని ఒక మనిషి చనిపోవడం చూసింది.

గ్లైడరుకి ఇంజను ఉండదు. దాని ముక్కుకి తగిలించిన రబ్బరు తాడు పట్టుకుని కుర్రాళ్లు కొండవాలున కిందికి పరిగెడతారు. తాడు సాగి సాగి వదిలేసరికి, వడిసెల్లోంచి రాయి వెళ్లినట్టు అది గాల్లోకి దూసుకుపోతుంది. ఆ రోజు అందులో కూచున్నవాడు యోహానెస్. సౌదామిని భర్త నరహరికి ఆ దేశంలో అందరికంటే దగ్గరి స్నేహితుడు. కొండ అంచు దాటి, పైకి లేచే గాలిని అందుకుని, జనం తలలమీదుగా ఒక చుట్టు తిరిగాడు. ఇంకాస్త పైకి పోదామని ముక్కు కొంచెం ఎత్తాడు. అంతే. చప్పుడు లేదు. ఏదీ విరగలేదు. రెక్క గాలిమీద పట్టు వదిలేసింది. గ్లైడరు ఒక పక్కకి ఒరిగి, గడ్డిలోకి తిన్నగా దిగిపోయింది.

అందరికంటే ముందు పరిగెత్తినవాడు నరహరి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆగి ఆగి నడిచాడు.

"నవ్వుతూనే ఉన్నాడు సౌదామినీ, వాడి మొహం," అన్నాడు. "పడిపోతున్నానని తెలీనే లేదు వాడికి. తెలిస్తే ముక్కు దించేవాడు. ఒక్క క్షణం ముందు తెలిస్తే చాలు."

ఆ మాట సౌదామినిని కుదురుగా ఉండనివ్వలేదు.

ఆమెది కాకినాడ. బ్రహ్మసమాజం వాళ్ల కుటుంబం కాబట్టి ఆడపిల్లని మద్రాసు పంపి భౌతికశాస్త్రం చదివించారు. పెళ్లయ్యాక భార్యాభర్తలిద్దరూ జర్మనీ వచ్చారు. నరహరి వచ్చింది ఇంజన్ల చదువుకి. కానీ మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ ఇంజన్ల విమానాలు కట్టకూడదని గెలిచిన దేశాలు ఆంక్షలు పెట్టడంతో, ఆ దేశపు కుర్రాళ్లు ఇంజన్ల జోలి మాని గాలినే నమ్ముకుని ఈ కొండెక్కారు. నరహరి ఒకసారి సరదాగా చూడ్డానికొచ్చి, ఇంజన్ల సంగతే మరిచిపోయాడు. సౌదామిని కొండ కింద గెర్స్‌ఫెల్డ్ ఊళ్లో కెస్ట్నర్ అనే ప్రొఫెసరు దగ్గర పరిశోధనకి చేరింది. మూతబడిన నేతశాలలో ఆయన సొంతంగా గాలిసొరంగం ఒకటి కట్టుకున్నాడు. గొట్టంలో ఒక చివర పెద్ద పంకా తిరుగుతుంది. ఆ గాలి నమూనా రెక్కను దాటుకుని, చుట్టూ తిరిగి, మళ్లీ పంకా దగ్గరికే వస్తుంది. రెక్కమీద అంటించిన పట్టుదారాలు గాలివాలున సాఫీగా పడుకుంటాయి. రెక్కను కొంచెం కొంచెం పైకెత్తుతూ పోతే, ఒకచోట దారాలన్నీ ఒక్కసారి పిచ్చెత్తినట్టు లేచి కొట్టుకుంటాయి. యోహానెస్‌కి జరిగింది అదే.

రెక్కను తాకుతూ వెళ్లే గాలిలో కాగితమంత పల్చటి పొర ఒకటి రెక్కకే అంటుకుని పాకుతుంది. శతాబ్దం మొదట్లో ఈ దేశంలోనే ఒక ఆచార్యుడు దాన్ని లెక్కకట్టి చూపించాడు. ఆ పొర అంటుకుని ఉన్నంతసేపూ రెక్క బతికి ఉంటుంది. అలిసి ఊడిపోయిందా, అది వట్టి చెక్క. అంతకు ముందు తరంలో ఒకాయన పుల్లలకి గుడ్డ కట్టి, రెక్కలుగా తొడుక్కుని దిబ్బలమీంచి దూకి ఎగిరేవాడు. ఆయన ప్రాణం తీసింది కూడా ఇలా చచ్చిన రెక్కే.

"పక్షికి దారాలూ లేవు, లెక్కలూ లేవు," అంది సౌదామిని కెస్ట్నర్‌తో. "ఆ పొర ఊడబోతోందని దాని చర్మానికే తెలుస్తుంది. మనిషికి కూడా చర్మం ఉంది కదండీ."

కెస్ట్నర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చెయ్యండి," అన్నాడు.

ఆ చలికాలమంతా ఆమె అదే పనిలో పడింది. వెంట్రుకకంటే సన్నటి ప్లాటినం తీగల్ని రెక్కమీద పరిచి, కరెంటుతో వేడెక్కించింది. గాలి జోరుగా పాకినచోట తీగ చల్లబడుతుంది. పొర అలిసినచోట వేడెక్కుతుంది. ఆ తేడాని రేడియో వాల్వులతో పెంచి, ఒక తోలుచొక్కా లోపలివైపు కుట్టిన ఇత్తడి గుండీలకి పంపించింది. రెక్కమీద ఏ చోట తీగ ఉందో, చొక్కా తొడుక్కున్నవాడి వీపుమీదా చేతులమీదా ఆ చోట గుండీ జివ్వుమంటుంది.

చిక్కంతా ఆ జివ్వుమనడంలోనే ఉంది. మామూలు కరెంటు చీమ కుట్టినట్టుంటుంది తప్ప గాలి అనిపించదు. చర్మాన్ని నమ్మించే లయ ఒకటి కావాలి. తన ఎడమ ముంజేతికి గుండీ కట్టుకుని, కరెంటు లయని మార్చే తీగచుట్టని కొద్దికొద్దిగా తిప్పుతూ వారాల తరబడి వెతికింది. ఒక పొద్దున్న ఉన్నట్టుండి ముంజేతిమీద సముద్రపుగాలి తగిలింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. సౌదామినికి ఏడుపొచ్చింది.

మార్చిలో నరహరి ఆ చొక్కా తొడుక్కుని మొదటిసారి ఎగిరాడు. దిగాక గ్లైడరులోంచి లేవకుండా రెండు చేతులూ బారజాపుకుని కూచున్నాడు.

"గాలి వీపుమీద చెయ్యేసి నడిపిస్తోంది," అన్నాడు చివరికి. "కళ్లు మూసుకున్నాను తెలుసా? కళ్లు మూసుకుని కొండ చుట్టూ తిరిగొచ్చాను."

"కళ్లు మూసుకున్నారా! మీకేమైనా పిచ్చా?"

"పిచ్చే," అని ఆమె చెయ్యి పట్టుకుని నవ్వాడు. "దానికి గాలిచొక్కా అని పేరు పెట్టేశాను, నువ్వు కాదనకు."

ఆ ఏడు పందేలన్నీ నరహరివే. మిగతావాళ్లు దిగిపోయే గాలిలో అతను పైకి పోయేవాడు. అందరూ పొలాల్లో వాలేవేళకి ఇతను మేఘాల కింద చుక్కలా తిరుగుతుండేవాడు. సౌదామినికి మాత్రం ఎందుకో స్థిమితం పోయింది. ఇంట్లో నరహరి ఒకచోట కూచోవడం మానేశాడు. భోజనం చేస్తూ చేస్తూ లేచి వెళ్లి కిటికీ తెరిచి నిలబడేవాడు. మంచు పడుతున్నా ఒంటిమీద చొక్కా లేకుండా పెరట్లో తిరిగేవాడు. మూడేళ్ల కూతురు వకుళ వెనకాలే పరిగెడుతూ "నాన్నా, నాన్నా" అని పిలిస్తే, ఎక్కణ్ణుంచో వచ్చినవాడిలా తిరిగి చూసేవాడు.

డిసెంబరులో ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, సౌదామిని గిన్నెలు కడుగుతోంది. ఏదో కాలుతున్న వాసన. తిరిగి చూస్తే నరహరి ఇనప పొయ్యికి వీపు ఆనించుకుని పేపరు చదువుతున్నాడు. వీపున బనీను నల్లబడి పొగలొస్తోంది.

"అయ్యో, లేవండీ!"

అతను తలెత్తి, "ఏమైంది?" అన్నాడు.

ఆమె లాగి కూచోబెట్టి, బనీను చింపేసి, నీళ్లు పోసింది. చర్మం అరచెయ్యంత మేర ఊడొచ్చింది. నరహరి మెడ వెనక్కి తిప్పి, ఎవరి వీపో చూసినట్టు చూశాడు. వకుళ దగ్గరికొచ్చి, నాన్న భుజంమీద చిన్న చెయ్యేసి నిమరసాగింది. అతను పట్టించుకోలేదు. దెబ్బ తగిలితే వాళ్లమ్మ చేసేది గుర్తొచ్చి, ఆ పిల్ల వంగి పుండుమీద "ఉఫ్" అని ఊదింది.

నరహరి ఉలిక్కిపడ్డాడు. కళ్లు మూతలు పడ్డాయి. "మళ్లీ ఊదమ్మా," అన్నాడు. "ఆపకు. ఇంకా ఊదు."

పిల్ల చెయ్యి ఇంకా అతని భుజంమీదే ఉంది. అది అక్కడుందని అతనికి తెలీదు.

సౌదామిని వంటింట్లోకి వెళ్లి, తన ఎడమచేతి జాకెట్టు అంచు పైకి లాగి, లయ వెతికినచోట గోటితో గిచ్చి చూసుకుంది. రూపాయి బిళ్లంత మేర ఏమీ తెలియలేదు.

సాయంత్రం దాకా కాచుకుని, పాప పక్కింటికి ఆడుకోడానికి వెళ్లాక, మాట కదిపింది.

"ఇంక ఆపేద్దామండీ."

"ఆపేసి?"

"మామూలుగా ఎగరండి. ఇదివరకటిలా."

"ఇదివరకటిలా అంటే గుడ్డివాడిలా." నరహరి గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు. "నీకెలా చెప్పను? కిందికి దిగి ఆ చొక్కా విప్పానంటే, మీద మట్టి కప్పేసినట్టుంటుంది. ఊపిరాడదు. మళ్లీ తొడుక్కునేదాకా నేను లేనట్టే."

"పాప మీ భుజంమీద చెయ్యేసింది ఇందాక. ఎంతసేపు ఉంచిందో తెలుసా?"

అతను ఆగాడు. "ఎప్పుడు?" అన్నాడు. ఆమె చూపు చూసి మొహం తిప్పుకుని, "నేను ఒప్పుకునే తొడుక్కున్నాను. నువ్వేం బలవంతం చెయ్యలేదుగా," అన్నాడు.

"అప్పుడు ఒప్పుకున్నది మీరు. ఇప్పుడు ఒప్పుకుంటున్నది మీరో, ఆ చొక్కానో నాకు తెలీడంలేదు."

నరహరి కోటు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. కొండమీద గాలి ఉందో లేదో చూడ్డానికని ఆమెకి తెలుసు.

మర్నాడు ఆమె కెస్ట్నర్‌కి అంతా చెప్పింది. తన చెయ్యి కూడా చూపించింది. ఆయన బాధపడ్డాడు. నటన కాదది. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఈ కొండమీద ఏటా కుర్రాళ్లు చస్తున్నారు," అన్నాడు. "చొక్కా తొడుక్కున్న నరహరి పడలేదు. వీపుమీద స్పర్శ పోతే మనిషి బతుకుతాడు. రెక్క పట్టు తప్పితే బతకడు. మీరు తల్లి. మీ కొడుకే ఎగిరేవాడైతే ఏది కోరుకుంటారు?"

ఆ ప్రశ్నే సౌదామినిని ఎక్కువగా పీడించింది. ఆయన మాట అబద్ధమైతే ఎంత బాగుండేది!

జనవరిలో బెర్లిన్ నుంచి ష్టామర్ అనే ఆయన వచ్చాడు. ఏ ప్రభుత్వ కచేరీ తాలూకో చెప్పలేదు. మెత్తటి మనిషి. వకుళకి చాక్లెట్ తెచ్చాడు. నేతశాలలో నిలబడి, నరహరి పక్కనుండగానే, గుర్రం సంగతి మాట్లాడినంత మామూలుగా అడిగాడు.

"చర్మం మొద్దుబారడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"ఆరేడు నెలలు," అన్నాడు కెస్ట్నర్.

"ఆ తర్వాత కూడా చొక్కా పనిచేస్తుందా?"

"పనిచేస్తుంది. చర్మానికి గాలి తప్ప ఇంకేదీ తెలియదు, అంతే."

"అయితే ఇబ్బందేముంది? మాకు ఒక మనిషి రెండేళ్లు పనికొస్తే చాలు. ఏటా కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు." ష్టామర్ తోలుచొక్కాని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఇంకా చిన్నవి కుట్టగలరా? పదిహేడేళ్లవాళ్లయితే తొందరగా నేర్చుకుంటారు. వసంతకాలంలో మావాళ్లని తీసుకొస్తాను. ఒకసారి ఎగిరి చూపించండి."

ఇంటికొచ్చే దారిలో నరహరి మంచులో నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు.

"పనికొస్తే చాలట," అన్నాడు. "విన్నావా? నేను అక్కడే ఉన్నాను సౌదామినీ. నన్ను చూస్తూనే అన్నాడు."

"విన్నాను."

"ఆ పిల్లలకి ఇవాళ్టి నా సంగతి చెబితే తొడుక్కోం అంటారా? అనరు. నేను అన్నానా? ఒక్కసారి ఎగిరారంటే ఇక వాళ్లని ఆ దేవుడు కూడా దింపలేడు."

అప్పుడు సౌదామిని మనసులో ఉన్నది బయటపెట్టింది. లయ తన చేతిలోనే ఉంది. తీగచుట్టని కొంచెం తప్పుగా తిప్పితే చాలు, ప్రదర్శన రోజున చొక్కా పనిచెయ్యదు.

నరహరి తల అడ్డంగా ఊపాడు. "పాడైందంటే బాగుచెయ్యమంటారు. నువ్వు కాకపోతే ఇంకొకరు చేస్తారు. బాగున్నదే పడిపోవాలి. అన్నీ సరిగ్గా ఉండి, నేను తొడుక్కుని ఉండి, అయినా పడిపోవాలి. అప్పుడే దానిమీద నమ్మకం పోతుంది."

ఆమెకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక అతని కోటు రెండు చేతులా పట్టుకుంది. "వద్దు. నేను ఒప్పుకోను. మీకేమైనా అయితే నేనూ పాపా ఏం కావాలి?"

"ఎప్పుడు ఊడుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? మెత్తటి గడ్డి చూసుకుని పడతాలే." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "ఒక్కటే అడుగుతాను. ఆ రోజు బాగా శ్రుతి చెయ్యి. ఆఖరిసారి కదా."

ఏప్రిల్లో ఆ రోజు రానే వచ్చింది. పడమటి గాలి జోరుగా ఉంది. ష్టామర్ వెంట ఐదారుగురు పెద్దమనుషులు దుర్భిణీలు పట్టుకుని నిలబడ్డారు. సౌదామిని చొక్కా గుండీలు బిగించి, తీగచుట్టని తిప్పుతూ భర్త మొహంకేసి చూసింది. లయ కుదిరినప్పుడు అతని పెదాలు కొద్దిగా విడివడ్డాయి. "ఆఁ, అదీ," అన్నాడు మెల్లిగా. ఆమె చెయ్యి తీగచుట్టమీంచి రానంది.

నరహరి చాలాసేపు ఎగిరాడు. అంత అందంగా అతను ఎప్పుడూ ఎగరలేదు. పెద్దమనుషులు దుర్భిణీలు దించి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కెస్ట్నర్ పసివాడిలా చప్పట్లు కొట్టాడు. ఆఖరి చుట్టులో గ్లైడరు వాలుమీద కిందుగా వచ్చింది. ఇంటిమీద ఇంకో ఇల్లు పెట్టినంత ఎత్తుంటుంది. అక్కడ ముక్కు పైకి లేవడం మొదలైంది. సౌదామినికి ఆ రెక్కమీది తీగలన్నీ తెలుసు. ఇప్పుడు చివరి తీగ వేడెక్కింది. ఇప్పుడు దాని పక్కది. అతనికి తెలుస్తోంది. దించెయ్యండి, దించెయ్యండి అని ఆమె పెదాలు వాటంతటవే కదులుతున్నాయి. ముక్కు ఇంకా లేచింది. ఒక్క క్షణం గాలిలో ఆగినట్టు ఆగి, రెక్క పట్టు వదిలేసింది.

ఎడమ తొడ ఎముకా, తుంటీ విరిగాయి. ఫుల్డా ఆసుపత్రిలో స్పృహ వచ్చాక అతను గోడకేసి చూస్తూ చెప్పాడు.

"ముందు ఎడమచేతి చివర గాలి ఆగిపోయింది. తర్వాత భుజం. తర్వాత వీపంతా ఒక్కొక్క దీపం ఆర్పేస్తున్నట్టు... నా కుడిచెయ్యి దానంతటదే ముక్కు దించబోయింది సౌదామినీ. ఎడంచేత్తో దాన్ని పట్టుకుని ఆపాను."

బెర్లిన్ వాళ్లు ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. వారం తర్వాత కెస్ట్నర్ ఆసుపత్రికి వచ్చి వరండాలో సౌదామినిని కలిశాడు. ముసలివాడైపోయినట్టున్నాడు.

"అతను పడలేదు, పడేశాడు," అన్నాడు. "వాళ్లకి తెలియదు. నాకు తెలుసు. ఆ తీగచుట్ట ఎక్కడ?"

"విరిచి పారేశాను."

"ఆ లయ మీ చేతికి తప్ప ఇంకెవరికీ దొరకదనుకుంటున్నారా?"

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నరహరి కర్ర పట్టుకుని నడవగలిగాక ముగ్గురూ ఓడెక్కారు.

తర్వాత బెంగుళూరు. సౌదామిని అక్కడ ఒక కళాశాలలో పాఠాలు చెప్పింది. గాలి చుట్టూ తిరిగొచ్చే సొరంగం అక్కడా కట్టించింది. ఆ పల్చటి పొర గురించి ఏటా కొత్త పిల్లలకి చెబుతూనే ఉంది. నరహరికి అరచేతుల్లో స్పర్శ మెల్లిగా తిరిగొచ్చింది. వీపుకీ భుజాలకీ రాలేదు. ఆషాఢమాసపు గాలులు మొదలైతే ఇంట్లో ఉండలేకపోయేవాడు. కుంటుకుంటూ వీధులన్నీ తిరిగేవాడు. మళ్లీ యుద్ధం వచ్చింది, పోయింది. ఓడిన జర్మనీ ప్రయోగశాలల్లోంచి గెలిచినవాళ్లు పెట్టెలకొద్దీ సరంజామా పట్టుకుపోయారు. వెనక్కి వాల్చిన రెక్కలూ, ధ్వనికంటే వేగంగా పోయే లెక్కలూ దేశదేశాలకి చేరాయి. తాను నేర్చుకున్న చదువు లోకమంతా పాకుతుంటే చూసి సౌదామినికి గర్వం కలిగేది. ఆ వెంటనే ఏదో కలవరం.

ఆ రోజుల్లోనే హార్వుడ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. బల్లమీద ఫోటోలు పరిచాడు. కొయ్యమేకులకి వరసగా వేలాడుతున్న తోలుచొక్కాలు. లోపల ఇత్తడి గుండీలు.

"ఒక అడవిలోని షెడ్డులో దొరికాయి. యుద్ధకాలంలో కుట్టినవి," అన్నాడు. "కెస్ట్నర్ పోయాడు. ఆయన దగ్గర మీరు పనిచేశారని విన్నాం. ఇది దేనికో మాకు అర్థమైంది కానీ, కరెంటు ఏ లయలో పంపాలో తెలియడం లేదు. ఎంతమంది పైలట్ల ప్రాణాలు కాపాడొచ్చో ఆలోచించండి."

సౌదామిని ఫోటోలు దగ్గరికి లాక్కుంది. చొక్కాలు చిన్నవి. భుజాలు ఇంకా విచ్చుకోని పిల్లలవి.

"వీటిని తొడుక్కున్నవాళ్లు ఏమయ్యారు?"

"వాళ్ల కోసం మేం వెతకలేదు," అన్నాడు హార్వుడ్. ఆ ప్రశ్న అతనికి అప్పటిదాకా తట్టలేదని మొహంలో కనిపించింది.

రేపు మాట్లాడదామని చెప్పి ఆమె ఇంటికొచ్చింది. నరహరి వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఏదీ దాచకుండా చెప్పేసింది. అతను కుర్చీ చేతిని పట్టుకుని మెల్లిగా కూచున్నాడు.

"అయితే నేను పడింది దండగేనా?"

"వాళ్లకి పదేళ్లు ఆలస్యమైంది."

"పదేళ్లు." అతను ఆ మాటని తనలో తాను రెండుమూడుసార్లు అనుకున్నాడు. తర్వాత కర్ర అందుకున్నాడు. "ఆయన ఎక్కడ దిగాడు? నువ్వు లయ చెప్పకపోతే ఇంకో దేశంవాడు కనిపెడతాడు. వాళ్లకి చూపించాల్సింది లయ కాదు, ఇంకొకటుంది. పద."

అతిథిగృహంలో హార్వుడ్ మర్యాదగా లేచి కుర్చీ వేశాడు. నరహరి కూచోలేదు. కోటు విప్పాడు, చొక్కా విప్పాడు. కిటికీవైపు తిరిగి, కర్రమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"నా భార్య మీకు ఆ లయ చెప్పదు," అన్నాడు. "కానీ అది ఏం చేస్తుందో మీ కళ్లతో చూసి వెళ్లి మీవాళ్లకి చెప్పండి. నా వీపుమీద ఎక్కడైనా సరే, ఎప్పుడైనా సరే, చెయ్యి వెయ్యండి. పడగానే చెప్తాను."

హార్వుడ్ ఇబ్బందిగా సౌదామినికేసి చూశాడు. ఆమె తలూపింది. అతను ముందుకొచ్చి, పెద్ద అరచేతిని నరహరి వీపు మధ్య ఆనించాడు.

నరహరి కిటికీలోంచి వీధికేసి చూస్తూ నిలబడ్డాడు. బయట జట్కా ఒకటి వెళ్లింది. గుర్రం గిట్టల చప్పుడు మలుపు తిరిగి వినబడకుండా పోయింది. హార్వుడ్ ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఆ మొహంలో రంగు మారుతుండటం సౌదామిని చూసింది.

"మొహమాటం దేనికండీ?" అన్నాడు నరహరి వెనక్కి తిరక్కుండానే. "వెయ్యండి."